బహుమతి వచ్చినప్పటి నుంచి కథ రావడం లేదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. అనకాపల్లిలో ఒక బ్యాంకులో గోల్డ్ లోన్ కౌంటర్ చూస్తాను. ఇద్దరు పిల్లలు. డిగ్రీ రోజుల నుంచి కథలు రాస్తున్నాను, 11 అచ్చయ్యాయి. రెండేళ్ల కిందట ఒక సంక్రాంతి కథల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. అప్పటి నుంచి ఒక్క కథ కూడా పూర్తి చేయలేకపోయాను. రాత్రి పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ తెరుస్తాను, రెండు పేరాలు రాస్తాను, చదువుకుంటే నాకే నచ్చదు, చెరిపేస్తాను. నాతోపాటు మొదలుపెట్టినవాళ్ల పుస్తకాలు వస్తున్నాయని ఫేస్‌బుక్‌లో చూస్తే టెన్షన్ వస్తోంది. అసలు రాయడానికి కొత్తగా ఏమీ కనిపించడం లేదు. పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం దాకా అవే నగలు, అవే ఫారాలు, అవే సంతకాలు. ఏఐని అడిగితే ఐడియాలు ఇస్తుందని ఒక ఫ్రెండ్ అంటోంది. ఒక పత్రికవాళ్లు దీపావళి సంచికకి కథ అడిగితే సరేనన్నాను, ఇప్పుడు వాళ్ల ఫోన్ వస్తే ఎత్తడం లేదు. ఇక మానేయమంటారా?

– ఒక సోదరి, అనకాపల్లి

సమాధానం:

అమ్మా, మానేయడం గురించి ఇప్పుడేమీ నిర్ణయించుకోకండి. అలిసిపోయి ఉన్నప్పుడు, ఎవరి ఫోనో ఎత్తలేక దాక్కుంటున్నప్పుడు అలాంటి నిర్ణయాలు తీసుకుంటే అవి మన నిర్ణయాలు కావు. మీ ఉత్తరం రెండుమూడుసార్లు చదివాను. రాయడానికి ఏమీ లేదని మీరు అంటున్నారు కానీ అందులోని సంగతులు చూస్తే నాకు వేరేగా అనిపించింది, అది కొంచెం వివరంగానే చెప్పాలి.

ముందు బహుమతి సంగతి. ఆగిపోయింది ఎప్పుడని మీరే చెప్పారు: బహుమతి వచ్చినప్పటి నుంచి. అంతకుముందు కూడా మీకు ఉద్యోగం ఉంది, పిల్లలున్నారు, ఫేస్‌బుక్ ఉంది, అయినా కథలు వచ్చాయి. అంటే మారింది ఒకటే. ఇప్పుడు మీరు రాసే ప్రతి మొదటి పేరానీ, అచ్చయి, బహుమతి కొట్టి, పదిమంది మెచ్చుకున్న ఆ కథ పక్కన నిలబెట్టి చూస్తున్నారు. ఏ పేరా నిలబడుతుంది చెప్పండి? ఆ కథ మొదటి చిత్తుప్రతి కూడా నిలబడదు. మీ పాత ఫైళ్లలోనో నోటు పుస్తకంలోనో అది ఉండే ఉంటుంది, ఈ ఆదివారం వెతికి తీసి చదవండి. నేను మిమ్మల్ని చేయమని అడిగేవాటిలో ఇది మొదటిది. ఎన్ని కొట్టివేతలున్నాయో, ముగింపు ఎన్నిసార్లు మారిందో, ఏ పాత్ర మధ్యలో వచ్చి చేరిందో చూడండి. ఆ కథ మీ చేతిలోంచి ఒక్కసారిగా రాలిపడలేదని మీ కళ్లతో మీరు చూడాలి, నేను చెప్తే నమ్మరు.

విజయనగరంలో ఉండి రాసిన గురజాడనే తీసుకోండి. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చు వేశారు. పేరూ వచ్చింది. కానీ ఆయన అక్కడితో సరే అనుకోలేదు, దాన్ని బాగా పెంచి, దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. ఇవాళ మనం చదివేదీ, నవ్వుకునేదీ, మాటమాటకీ అప్పజెప్పుకునేదీ ఆ రెండోసారి రాసిందే. మొదటిది రాసినప్పుడు ఆయన దగ్గర రెండోది లేదు కదా. మీరు మాత్రం రెండు పేరాలు రాసి, అందులో చివరి రూపం కనపడలేదని చెరిపేస్తున్నారు.

కాబట్టి చెరపడం మానండి. ఇది ఉత్త మాటగా చెప్తే పని చేయదు, లాప్‌టాప్‌లో ఒక్క మీట నొక్కితే పేరా పోతుంది, చెయ్యి దానంతటదే వెళ్తుంది. చేత్తో రాయండి. కొత్త సంవత్సరానికి బ్యాంకులో డైరీలు ఇస్తారు కదా, ఇంట్లో ఖాళీగా పడి ఉన్న పాతదొకటి తీసుకోండి. అందంగా ఉండే కొత్త నోటుబుక్ కొనొద్దు, దాన్ని పాడు చేయడానికి మనసొప్పదు. నచ్చని వాక్యం మీద ఒక గీత కొట్టండి, అంతే, కింద కనపడుతూనే ఉండాలి. ఆ డైరీని ఎవరికీ చూపించకండి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ‘కొత్తగా ఏమీ కనిపించడం లేదు’ అని రాశారు. మీరు కూర్చునే తీరు ఎలా ఉందంటే, ఏదైనా రాయొచ్చు, ఎంతైనా రాయొచ్చు, ఎవరి గురించైనా రాయొచ్చు, కాకపోతే అది గొప్పగా ఉండాలి. ఇంత స్వేచ్ఛ ఇచ్చి ఇంత బరువు పెడితే ఎవరికీ ఏమీ తట్టదు. దీనికి మందు మన తెలుగులో ఎప్పటి నుంచో ఉంది, అవధానం, అంటే అడిగినవాళ్లు పెట్టిన షరతులకి సభలోనే అప్పటికప్పుడు పద్యాలు చెప్పడం. మీరు చూసే ఉంటారు, టీవీలోనో ఏ గుడిలోనో. తిరుపతి వేంకట కవుల కాలంలో దానికి ఊరూరా జనం మూగేవాళ్లు. ఇవాళ చాలామంది దాన్ని జ్ఞాపకశక్తి ప్రదర్శనగా చూసి చప్పట్లు కొట్టి వచ్చేస్తారు. నాకు మాత్రం, రాయలేక కూర్చున్న మనిషి చేత రాయించడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఇంకోటి కనపడలేదు. అక్కడ అవధానికి ‘ఏదైనా చెప్పండి’ అని ఎవరూ అనరు. ప్రతి పృచ్ఛకుడూ, అంటే ప్రశ్న అడిగేవాడు, ఒక అడ్డు పెడతాడు. ఆ అడ్డు వల్లే పద్యం పుడుతుంది.

నిషిద్ధాక్షరి గుర్తు చేసుకోండి. అవధాని ఒక అక్షరం పలుకుతాడు, తర్వాత ఏ అక్షరం రావచ్చో పృచ్ఛకుడు ఊహించి సరిగ్గా దాన్నే వద్దంటాడు. అవధాని నోటిదాకా వచ్చిన మాట పోయింది, పక్కదారి వెతుక్కోవాలి, ఆ పక్కదారిలో తను మామూలుగా వాడని మాట దొరుకుతుంది. దీన్ని కథకి పెట్టుకోండి. మీ 11 కథలూ ముందేసుకుని, మెచ్చుకోవడానికి కాకుండా తనిఖీ చేస్తున్నట్టు చదవండి. ఎన్ని వానతో మొదలయ్యాయి? ఎన్నింట్లో ఫోన్ మోగితే కథ మలుపు తిరిగింది? ఎన్నింట్లో అమ్మ పాత్ర అంతా భరించి చివర్లో ఒక మంచి మాట చెప్పింది? మీ కథలు నేను చదవలేదు, కాబట్టి ఇవి కాకపోవచ్చు, కానీ ఏవో ఉంటాయి, ప్రతివాళ్లకీ ఉంటాయి. అలాంటివి నాలుగు రాసుకుని డైరీ మొదటి పేజీలో ‘నిషిద్ధం’ అని పెట్టండి. వచ్చే కథలో ఆ నాలుగూ ఉండకూడదు. మీకు మీరే బోర్ కొట్టడానికి సగం కారణం అవే అని నా అనుమానం. చెయ్యి పాత దారిలోకే వెళ్తోంది, మనసు దాన్ని గుర్తుపట్టి వద్దంటోంది, మీరేమో దానికి ‘నాలో సరుకు అయిపోయింది’ అని పేరు పెట్టుకున్నారు.

తర్వాత అవధానంలోనే ‘సమస్య’ అనే అంశం. పద్యం చివరి పాదం ముందే ఇచ్చేస్తారు, అదీ వినగానే తప్పులా, తలకిందులుగా అనిపించేదాన్ని. పై మూడు పాదాలూ అల్లి ఆ తప్పుని ఒప్పు చేయాలి. మీకు ఒక సమస్య ఇస్తున్నాను, మీ కౌంటర్ దగ్గరిదే, నగల నాణ్యత చూసే అప్రైజర్‌ది: బంగారం అసలుదే అయినా, అప్రైజర్ గీటురాయి పక్కన పెట్టేసి ఆ గొలుసు తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాడు.

ఇది కథ చివరి వాక్యం. ఇంకేమీ చెప్పను. ఎందుకు తిరిగిచ్చాడు? ఆ గొలుసు చేసింది ఆ అప్రైజర్ వాళ్ల నాన్నేనా? అది ఆమెది కాదని తెలుసా? ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసా? మొదట తట్టిన మూడు కారణాలూ డైరీలో రాసి పక్కన పెట్టండి, అవి నాకూ తట్టాయి, చదివేవాళ్లకీ తడతాయి. నాలుగోది వచ్చేదాకా ఆగండి. అది ఒక్కరోజులో రాకపోవచ్చు, బస్సులో రావచ్చు, అన్నం వారుస్తుంటే రావచ్చు. మీ పని ఆ ప్రశ్నని వదలకుండా ఉండటమే. ‘మంచి కథ రాయాలి’ అనేది మోయలేని బరువు. ‘ఆయన గొలుసు ఎందుకు తిరిగిచ్చాడు’ అనేది మాత్రం బస్సులో కూడా పట్టుకు తిరగగలిగే ప్రశ్న. తేడా చూశారా?

మీ కౌంటర్‌ని ఎందుకు పట్టుకున్నానో కూడా చెప్తాను. ‘అవే నగలు, అవే ఫారాలు’ అన్న మీ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఒక ఊళ్లో మనుషులు తమకి అన్నిటికంటే దగ్గరైన వస్తువుని తెచ్చి బల్ల మీద పెట్టే చోట మీరు రోజూ కూర్చుంటున్నారు. చేతి గాజు రాకపోతే సబ్బునీళ్లు అడిగేవాళ్లు. మొగుడు లోపల సంతకాలు పెడుతుంటే బయట బల్ల మీద కూర్చుని లోపలికి ఒక్కసారి కూడా చూడని ఆడమనిషి. రాళ్ల బరువు, లక్క బరువు తీసేసి నికర బరువు చెప్తే, ‘మా అమ్మ కొన్నప్పుడు అవి కూడా కలిపే తూచారు కదా’ అని అడిగేవాళ్లు. పుస్తెలతాడు తీసిచ్చాక మెడలో పసుపుకొమ్ము కట్టుకుని, ఎవరికీ కనపడకుండా కొంగు పైకి లాక్కునేవాళ్లు. నల్లరాయి మీద పసుపు గీత గీసి యాసిడ్ చుక్క వేస్తాడు అప్రైజర్. అసలు బంగారమైతే ఆ గీత నిలుస్తుంది, కాకపోతే కరిగిపోతుంది. ఆ రెండు క్షణాలు గీత వంక కాకుండా ఆ మనిషి మొహం వంక మీరు ఎప్పుడైనా చూశారా? అది తనది, అసలుదే అని తెలిసినవాళ్లు కూడా ఊపిరి బిగబట్టే ఉంటారు.

ఇంకా మీ ఊరిది మీకే తెలిసేది ఉంది. కొత్త అమావాస్యకి నూకాంబిక అమ్మవారి జాతర వస్తుంది. దానికి ముందు నగలు విడిపించుకునేవాళ్లు ఎవరు, ఉగాది దాటగానే అవే నగలు మళ్లీ తెచ్చి పెట్టేవాళ్లు ఎవరు? జూన్‌లో స్కూలు ఫీజులకి వచ్చేవాళ్ల మాటతీరు, బెల్లం సీజన్‌లో చేతిలో డబ్బు ఆడి విడిపించుకోవడానికి వచ్చేవాళ్ల మాటతీరు ఒకేలా ఉంటాయా? విడిపించుకున్న గొలుసుని చాలామంది వెంటనే మెడలో వేసుకుంటారా, సంచిలో పెట్టుకుంటారా? నాకు తెలియదు. మీకు తెలుసు, లేదా ఒక వారం గమనిస్తే తెలుస్తుంది. మీ ఉత్తరం మొత్తంలో నాకు నిజంగా ఆశ పుట్టింది ఇక్కడే.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్తున్నాను. మీకు కనపడేవి ఖాతాదారుల సొంత విషయాలు. పేర్లు, మొత్తాలు, ఎవరింట్లో ఏం జరిగిందన్నవి డైరీలోకి కూడా రావద్దు. చిన్న ఊరు, ఎంత మార్చినా ఎవరో ఒకరు గుర్తుపడతారు, ఉద్యోగం సంగతి అలా ఉంచి, మిమ్మల్ని నమ్మి నగ చేతిలో పెట్టిన మనిషిని బాధపెట్టినట్టవుతుంది. మీరు తీసుకోవాల్సింది చేతి కదలిక, ఒక మాట విరుపు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు అన్నది. కథలో ఆ చేతికి ఇంకో మనిషిని, ఇంకో ఇంటిని మీరు తయారు చేయండి.

రోజుకి ఒక్క వాక్యం. లంచ్‌లో డబ్బా తెరిచే ముందు ఆ పొద్దున చూసినదాంట్లో ఒక్కటి రాయండి. ‘ముసలాయన టోకెన్ రెండు చేతులతో పట్టుకున్నాడు’, అంత చాలు. పాపం, దీనంగా, ఆశగా లాంటి మాటలు తగిలించొద్దు, ఇది కథకి పనికొస్తుందా అని అప్పుడే అడగొద్దు. నెల తర్వాత ఆ వాక్యాల్లోంచి పొంతన లేని నాలుగు మాటలు ఏరండి. అవధానంలోనే దత్తపది అనే అంశంలో నాలుగు మాటలిచ్చి, ఇవి నాలుగూ వచ్చేలా ఫలానా ఘట్టం మీద పద్యం చెప్పమంటారు. ఇడ్లీ, వడ, దోశ, పూరి అని ఇచ్చి భారతంలో సన్నివేశం అడుగుతారు, అవధాని ఆ మాటల్ని విరిచి, పక్క మాటలతో కలిపి ఇమిడ్చేస్తాడు. మీకూ అలాగే గొడుగు, పసుపుకొమ్ము, తప్పు పడిన సంతకం, మామిడి పండ్ల సంచి అనో ఇంకేదో అనో వస్తాయి. వాటిని కలిపే మనిషి ఎవరో వెతకండి. పేజీన్నర చాలు, కథ అని పేరు కూడా పెట్టొద్దు.

అవధానంలో ఇంకొకాయన ఉంటాడు, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు. పద్యం మధ్యలో సంబంధం లేని ప్రశ్నలు వేసి దారి తప్పించడమే ఆయన పని, అవధాని విసుక్కోకుండా ఆయనకి నవ్వుతూ జవాబిచ్చి మళ్లీ తన పాదం దగ్గరికి వస్తాడు. మీ ఇంట్లో ఆ పని పిల్లలు చేస్తారు. వాళ్లు పూర్తిగా పడుకున్నాకే, ఇల్లంతా సద్దుమణిగాకే రాయాలి అనే నియమం మీకు ఎవరు పెట్టారు? రోజంతా కౌంటర్లో కూర్చుని, ఇంటికొచ్చి వంట చేసి, హోంవర్కులు చూసి, రాత్రి పదిన్నరకి మిగిలిన మనిషిని కథ రాయమంటే ఆ మనిషి ఏం రాస్తుంది? ఆ వేళప్పుడు రాసిన పేరా నచ్చకపోవడంలో వింతేముంది? పొద్దున్న అరగంట కుదిరితే మంచిది, కుదరకపోతే ఆదివారం ఒక గంట. ఆ గంట పిల్లల్ని చూసుకోమని ఇంట్లోవాళ్లని అడగండి, బతిమాలొద్దు, అడగండి. రాత్రిళ్లు పడుకోండి.

ఇక్కడే ఒక మాట. రాయడం ఒక్కటే ఆగిందా, లేక నిద్ర, ఆకలి, పిల్లలతో నవ్వడం, పాటలు వినడం అన్నీ తగ్గిపోయాయా? ఒక్క రాతే అయితే పైన చెప్పినవి చాలు. అన్నీ అయితే అది రాయలేకపోవడం అనే సమస్యే కాదు, డాక్టర్‌ని కలవండి, వాయిదా వేయకండి.

ఫేస్‌బుక్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఈ కథ పూర్తయ్యేదాకా చూడకండి. దాని బదులు మీకు పోటీ కాని కథలు చదవండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం, మీకు రైల్లో వెళ్లొచ్చేంత దూరమే. వెళ్లలేకపోతే దాని వెబ్‌సైట్‌లో పాత పత్రికల్లోని కథలు స్కాన్ చేసి పెట్టారు. 1930ల్లోవి, 40ల్లోవి తీయండి, పేరు కూడా వినని రచయితలవి చదవండి. వాళ్ల పుస్తకం వచ్చిందా, లైకులెన్ని అన్న బాధ ఉండదు, ఒక మనిషి ఇంకో మనిషిని ఎలా చూశాడన్నదే కనిపిస్తుంది. అన్నట్టు ఆ మాస్టారి సంగతి మీకు బాగా పనికొస్తుంది. ఆయన కొంతకాలం కథలు రాసి, తను రాసినవి తనకే తృప్తినివ్వక ఏళ్ల తరబడి ఆపేశారు. యజ్ఞం లాంటి కథ ఆ ఖాళీ తర్వాతే వచ్చింది. విశాఖలో బడిపంతులుగా పని చేస్తూనే రాశారు. మీరు రెండేళ్ల గురించి భయపడుతున్నారు.

ఏఐ సంగతి అడిగారు. వాడితే తప్పని నేను అనను. అచ్చుతప్పులకో, ఏదైనా సమాచారం కోసమో వాడుకోండి, సమాచారమైతే ఇంకోచోట సరిచూసుకోండి. కానీ ఐడియా అడిగితే అది ఇచ్చేది చాలామందికి తట్టేదే, అంటే మనం ఇందాక పక్కన పెట్టమన్న మొదటి మూడు కారణాలు. కావాలంటే అందుకే వాడండి. గొలుసు ఎందుకు తిరిగిచ్చాడో అడగండి, అది చెప్పినవన్నీ నిషిద్ధం కింద రాసుకోండి. మీ కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి ఊపిరి బిగబట్టడం మాత్రం అది చూడలేదు, మీరు చూశారు.

ఇక పత్రిక. పైన చెప్పినవన్నీ రేపటి నుంచి చేయొచ్చు, ఇది మాత్రం ఇవాళే చేయండి. ఆ సంపాదకులకి మీరే ఫోన్ చేయండి. పిల్లలకి జ్వరమనో ఆడిటింగ్ ఉందనో చెప్పకండి. ‘దీపావళికి ఇవ్వలేనండీ, కథ ఇంకా తయారు కాలేదు, ముందే చెప్పనందుకు క్షమించండి’ అనండి, చాలు. పత్రికలవాళ్లకి కథ రాకపోవడం కొత్త కాదు, చివరి వారం దాకా తెలియకపోవడమే కష్టం, ఇప్పుడే చెప్తే ఇంకొకరిని అడుగుతారు. ‘పోనీ సంక్రాంతికి ఇవ్వండి’ అని వాళ్లంటే వెంటనే సరే అనేయకండి, రాశాక నేనే పంపిస్తానని చెప్పి పెట్టేయండి. ఈ సారి కథ ముందు పుట్టాలి, తేదీ తర్వాత చూసుకోవచ్చు. గొలుసు ఎందుకు తిరిగిచ్చాడో తెలిసిన రోజున నాకొక ఉత్తరం రాయండి, కథ పంపకపోయినా పర్వాలేదు, ఆ నాలుగో కారణం ఏమిటో వినాలని నాకు నిజంగానే ఉంది.